ఆకుపచ్చ చుక్క

కోపం వస్తే ఎవరికైనా ఒళ్ళు వేడెక్కుతుంది. జయమణికి చేతులు చల్లబడతాయి. ఆ రోజు పొద్దున నందిగామలో, కాలేజీ స్టాఫ్‌రూం కిటికీ పక్కన గాజు గ్లాసు పట్టుకుని నిలబడ్డప్పుడు ఆమె చేతులు మంచుగడ్డల్లా అయిపోయాయి. బయట చూస్తే మార్చి ఎండ అప్పుడే చుర్రుమంటోంది.

అరగంట కిందట బస్సు దిగినప్పుడు ఆమె అంత సంతోషంగా నందిగామలో ఇంకెవరూ ఉండి ఉండరు. మూడేళ్ళుగా ఆ ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పార్ట్‌టైమ్ ఫిజిక్సు లెక్చరరు. జగ్గయ్యపేట అవతలి పల్లెలో, ఊరి చివరి దళితపేటలోంచి తెల్లవారగానే బయల్దేరి, చిల్లకల్లు దగ్గర సిమెంటు లారీల దుమ్మంతా మింగి, బెల్లు కొట్టక ముందే క్లాసులో ఉండే మనిషి. ఇన్నాళ్ళకి ఆ పోస్టు పర్మనెంటు చేస్తామన్నారు. దానికే ఆ రోజు డెమో క్లాసు. కాలేజీ సెక్రటరీ జగన్నాథరావు, యూనివర్సిటీ నుంచి వచ్చే ఎక్స్‌పర్టు భవానీప్రసాద్, ఫిజిక్సు డిపార్టుమెంటు హెడ్డు శేషాద్రి, ముగ్గురూ కూర్చుని పాఠం వింటారు. ముగ్గురూ సంతకం పెడితే ఉద్యోగం ఖాయం. ఒక్కరు పెట్టకపోయినా జూన్‌లో ఆ కుర్చీలో వేరేవాళ్ళుంటారు.

శేషాద్రి సంతకం గురించి ఆమెకి బెంగే లేదు. ఆయన ఆమెను "అమ్మాయ్" అని తప్ప పిలవడు. తన లావుపాటి క్వాంటమ్ మెకానిక్సు పుస్తకాలు ఇంకెవరికీ ఇవ్వనివాడు ఆమెకి అడక్కుండానే ఇచ్చాడు. "కులం గిలం నాకు పట్టవమ్మాయ్, బుర్ర ఉందా లేదా, అంతే" అని నలుగురి ముందూ అనేవాడు. ఆ మాటకి ఆమె పొంగిపోయేది.

డెమోకి టన్నెలింగ్ చెప్పమన్నదీ ఆయనే. గోడ ఎక్కేంత శక్తి లేని కణం కూడా, గోడ పల్చగా ఉంటే, ఎప్పుడో ఒకప్పుడు అవతల తేలుతుంది. గోడ కూలదు. గోడకి కన్నమూ పడదు. యురేనియం కేంద్రకంలోంచి ఆల్ఫా కణం బయటపడేది అట్లాగే. మనల్ని ఇట్లా మాడ్చేస్తున్న సూర్యుడిలో ప్రోటాన్లు ఒకదానితో ఒకటి కలిసేదీ అట్లాగే. ఎమ్మెస్సీలో మొదటిసారి ఆ లెక్క చేసిన రోజు జయమణి హాస్టల్లో అన్నం కూడా సరిగా తినలేదు. బయటపడే బలం లేనిది బయటపడటమేమిటి! పేటలో పుట్టి ఫిజిక్సు దాకా వచ్చిన పిల్లకి అది పరాయి లెక్కలా అనిపించలేదు.

కానీ బోర్డు మీద సమీకరణాలు ఎన్ని రాసినా పిల్లలకి బొమ్మ కట్టదు. అందుకని గ్లాసు ప్రయోగం ఎంచుకుంది. గాజు గ్లాసు నిండా నీళ్ళు పోసి, పైనుంచి కాస్త ఏటవాలుగా లోపలికి చూస్తే, పక్కగోడ వెండి అద్దంలా మెరుస్తుంది. దాని బయట ఏముందో కనిపించదు. వెలుగు గోడ దాకా పోయి మొత్తం వెనక్కి తిరిగొచ్చేస్తుంది. అయితే తిరిగేముందు గోడ బయటి గాలిలోకి ఒక్క పిసరు, వెంట్రుక మందంలో నూరోవంతు, తొంగిచూస్తుంది. బయటినుంచి వేలితో గట్టిగా నొక్కితే వేలి గీతలు ఆ పిసరంత మేరలోకి వస్తాయి. అప్పుడు వెలుగు మధ్యనున్న గాలిపొరను దాటేస్తుంది. అద్దంలో వేలిముద్ర గీత గీతగా తేలుతుంది. ఎలక్ట్రాన్ చాటుగా చేసే పని వెలుగు మన కళ్ళముందే చేసి చూపిస్తుంది. ఇదంతా ల్యాబ్ బీకరులో కాకుండా, రోజూ టీ తాగే గ్లాసులో చూపించాలని ఆమె సరదా.

ఒకసారి చేసి చూసుకుందామని కిటికీలో ఉన్న తన గ్లాసు తీసింది. నీళ్ళు పోసింది. లోపలికి చూసింది. వెండి గోడ మీద, అడుగున, మినపగింజంత ఆకుపచ్చ చుక్క.

ఇదేమిటి అనుకుంది. బయట ఉన్నదేదీ కనిపించకూడదే! పూర్తిగా అతుక్కుపోయి ఉంటే తప్ప. నీళ్ళు పారబోసి గ్లాసు తిరగేసి చూసింది. పక్కగోడ బయట, అడుగు అంచు మీద ఎనామిల్ రంగు. గోటితో గీకితే రాలేదు. మూడేళ్ళుగా ఆ గ్లాసులో టీ తాగుతోంది, ఎప్పుడూ చూసుకోలేదు. బీరువాలో మిగతా స్టాఫు గ్లాసులు ఉంటే ఒక్కొక్కటీ తీసి చూసింది. ఒక్కదానికీ చుక్క లేదు.

అప్పుడే అటెండరు బ్రహ్మయ్య కూజాతో లోపలికొచ్చాడు. బీరువా ముందు ఆమెను చూసి గతుక్కుమన్నాడు. "అయ్యయ్యో, అయ్యి ముట్టుకోబాకండి మేడంగారూ! మీది కిటికీలోది గదండీ."

"ఎవరి గ్లాసు వాళ్ళదేగా బ్రహ్మయ్యా? మరి మిగతావాళ్ళవి ఎవరివో ఎట్టా గుర్తుపడతావ్?"

బ్రహ్మయ్య కూజా బల్ల మీద పెట్టాడు. "అయ్యన్నీ ఒకటేనండీ. ఏదొస్తే అది ఇస్తా."

"అయితే నాదొక్కదానికే గుర్తా?"

"నాదేముందమ్మా, చిన్నోణ్ణి. మీరు చేరిన వారంలోనే పెద్దసారు పిలిచి గుర్తు పెట్టమన్నారు. విడిగా కడగమన్నారు. పెట్టా."

"ఏ పెద్దసారు?"

"ఇంకెవరండీ. మన శేషాద్రిగారు."

తల కొట్టేసినట్టయింది జయమణికి. ఆ ఆకుపచ్చ రంగు ఎక్కడిదో కూడా అప్పుడే తట్టింది. చేరిన కొత్తలో, ల్యాబ్‌లో స్టాండులకి నంబర్లు వేద్దామని, తనే జగ్గయ్యపేటలో కొనుక్కొచ్చిన డబ్బా అది. ఎంత శ్రద్ధ అమ్మాయ్ నీకు, అని శేషాద్రి మెచ్చుకున్నాడు. మెచ్చుకుని, ఆ డబ్బాలోంచే ఆమెకి చుక్క పెట్టించాడు!

అంతకంటే మండిపోయే సంగతి ఇంకోటుంది. చేరిన నెలలో శేషాద్రే ఆమెతో అన్నాడు, "స్టాఫ్‌రూంలో ఎవరి గ్లాసు వాళ్ళకుంటే మంచిదమ్మాయ్, జలుబులూ దగ్గులూ" అని. నిజమేననుకుంది. ఇంటికెళ్ళి అమ్మ ఆరోగ్యమ్మతో గొప్పగా చెప్పింది కూడా. మా కాలేజీలో ఎంత శుభ్రమో తెలుసా, ఎవరి గ్లాసు వాళ్ళదే అని. ఆరోగ్యమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. చేతులు ఆపి, "అందరికీనా, నీకొక్కదానికేనా?" అని అడిగింది. జయమణి కసిరేసింది. "నీదంతా పాతకాలపు అనుమానం! ఇది డిగ్రీ కాలేజీ. ఊళ్ళో టీకొట్టు కాదు." వాళ్ళ ఊరి టీకొట్టులో పేటవాళ్ళ గ్లాసులు బయట పందిరి రాటకి మేకు కొట్టి తగిలించి ఉండేవి. తాగి, కడిగి, మళ్ళీ తగిలించి రావాలి. ఆ గ్లాసుల్లో తాగి తాగి ఉన్న మనిషికి ఒక్క ముక్కలో అర్థమైంది. ఎమ్మెస్సీ ఫస్టుక్లాసుకి మూడేళ్ళకి గానీ అర్థం కాలేదు. అమ్మ ఆ రోజు మళ్ళీ బియ్యం ఏరుకుంది.

ఇక ఒకటొకటే గుర్తుకు రావడం మొదలైంది. వేదాద్రి వెళ్ళొచ్చినప్పుడల్లా శేషాద్రి నరసింహస్వామి ప్రసాదం తెచ్చేవాడు. ఆమె దోసిట్లో జానెడు ఎత్తునుంచి జారవిడిచేవాడు. భక్తి అనుకుంది! చాక్‌పీసు అడిగితే చేతికివ్వకుండా బల్ల మీద పెట్టేవాడు. పద్ధతి అనుకుంది! పుస్తకాలూ అంతే. ఛీ, ఇంత గుడ్డిదాన్నా నేను, అని పళ్ళు కొరుక్కుంది. ఆయన మీద ఎంత కోపమొచ్చిందో తన మీదా అంతే వచ్చింది.

బ్రహ్మయ్యకి భయం పట్టుకుంది. "ఇయ్యాళొద్దమ్మా. మీ మంచికే చెబుతున్నా. బీరువాలోది ఏదన్నా తీసుకెళ్ళండి, నేను చూడలేదనుకుంటా. ఉజ్జోగం రానీండి, తర్వాత అడుగుదురుగాని."

అతను అన్నదీ కొట్టిపారేసే మాటేం కాదు. చుక్క లేని గ్లాసు పట్టుకెళితే పాఠం సాఫీగా సాగుతుంది, శేషాద్రి నవ్వుతూ సంతకం పెడతాడు. జూన్ నుంచి పూర్తి జీతం, అమ్మకి మిరపకోతల బాధ తప్పుతుంది. జయమణి బీరువాలోంచి ఒక గ్లాసు తీసింది కూడా. కాసేపు రెండు చేతుల్లో రెండు గ్లాసులూ పట్టుకుని నిలబడింది. తర్వాత చుక్కలేనిది బీరువాలో పెట్టేసి, చుక్క ఉన్నదాన్ని కొంగుతో తుడుచుకుంటూ క్లాసుకి నడిచింది.

బీఎస్సీ ఫైనలియర్ క్లాసు నిండుగా ఉంది. ముందు వరసలో ముగ్గురికీ కుర్చీలు వేశారు. జగన్నాథరావు ఖద్దరు చొక్కా, చేతిలో విసనకర్ర. భవానీప్రసాద్ సన్నగా, కళ్ళజోడు ముక్కు చివర పెట్టుకుని ఉన్నాడు. శేషాద్రి ఆమెను చూసి, కానీయ్ అన్నట్టు తల ఊపాడు.

జయమణి మొదలుపెట్టింది. ఆ రోజు ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఒక్క మాట తడబడలేదు. గోడ గీసింది, కణం శక్తి గోడకన్నా తక్కువ అని రాసింది, గోడ లోపల తరంగం చచ్చిపోకుండా చిక్కిపోతూ అవతలికి ఎట్లా పోతుందో గీసింది. "ఇందులో గోడ ఎత్తూ లెక్కే. కానీ అసలు ప్రాణం తీసేది గోడ మందం. కాస్త మందం పెరిగిందంటే దాటే అవకాశం ఒక్కసారిగా పడిపోతుంది. సగానికి కాదు, వందోవంతుకి, వెయ్యోవంతుకి. అందుకే మనుషులు గోడల్లోంచి నడవలేరు. కొందరు కట్టే గోడలు అంత మందం మరి."

పిల్లలు నవ్వారు. భవానీప్రసాద్ కూడా నవ్వాడు. శేషాద్రి బల్ల మీద గ్లాసును అప్పుడే చూశాడు. ఆయన నవ్వు సగంలో ఆగిపోయింది.

జయమణి గ్లాసులో నీళ్ళు పోసి, "సెక్రటరీగారూ, ఒక్కసారి ఇటొచ్చి పైనుంచి చూడండి. ఏం కనిపిస్తోందండీ?" అంది.

జగన్నాథరావు వంగి చూశాడు. "అద్దంలా ఉందమ్మా, భలే ఉందే! కింద ఏదో ఆకుపచ్చ చుక్కుంది."

"దాని సంగతి తర్వాత చెబుతానండీ. ఇప్పుడు బయటినుంచి వేలు పెట్టి గట్టిగా నొక్కండి."

నొక్కాడు. "ఓర్నీ, నా వేలిముద్ర!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. భవానీప్రసాద్ ఉండబట్టలేక లేచొచ్చి, మెల్లగా ఒకసారీ గట్టిగా ఒకసారీ నొక్కి చూసుకున్నాడు. "ఇరవయ్యేళ్ళుగా టన్నెలింగ్ చెబుతున్నా, ఈ ఆలోచన రాలేదమ్మా" అన్నాడు. పిల్లలు బెంచీలు దిగి బల్ల చుట్టూ మూగారు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వేళ్ళు పెట్టి చూశారు. ఆ గ్లాసుని మూడేళ్ళలో అంతమంది ముట్టుకోవడం అదే మొదలు.

"సార్, మీరు కూడా రండి" అంది జయమణి.

శేషాద్రి కదల్లేదు. "నాకు తెలిసిందేగా అమ్మాయ్. కానీయ్, టైమవుతోంది."

"తెలిసినవాళ్ళు చేస్తే పిల్లలకి ఇంకా బాగా అర్థమవుతుంది సార్."

"రావయ్యా, ఏముంది!" అన్నాడు సెక్రటరీ. ఇక తప్పలేదు. శేషాద్రి వచ్చాడు. వెనక కట్టుకున్న చేతుల్లోంచి ఒకటి బయటికి తీశాడు. చూపుడువేలు గ్లాసు దగ్గరికి తెచ్చాడు. తెచ్చి, అక్కడే ఆపాడు. పక్కనుంచి చూసేవాళ్ళకి పెట్టినట్టే ఉంది. పైనుంచి చూస్తున్న సంహిత అనే పిల్ల మాత్రం, "ఏం కనపట్లేదు మేడం" అంది.

"ఎందుకు కనపట్లేదు?"

"గ్యాప్ ఉంది మేడం."

"ఎంతుంది?"

సంహిత పక్కకి వంగి బాగా దగ్గరగా చూసింది. "కొంచెమే మేడం. సార్ వేలు ఆనలేదు."

"కొంచెమా! వెలుగుకి అది కొంచెం కాదు. అంత దూరం వెలుగు కూడా దాటలేదు" అంది జయమణి. శేషాద్రి కళ్ళలోకి సూటిగా చూస్తూ అంది. "సార్, ఆనించండి."

క్లాసంతా చూస్తోంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వేలు ఆనించాడు. "ఇంకా గట్టిగా సార్" అంది. నొక్కాడు. వెండి గోడ మీద ఆయన వేలిముద్ర, చుట్లు చుట్లుగా, ఆకుపచ్చ చుక్క పక్కనే తేలింది. "వచ్చింది మేడం!" అని అరిచింది సంహిత.

శేషాద్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తీసుకుని, జేబులోంచి చేతిరుమాలు లాగి ఆ వేలు తుడుచుకున్నాడు. కావాలని చేశాడో, అలవాటుగా చేశాడో ఆ భగవంతుడికే తెలియాలి. గ్లాసు బయట తడి కూడా లేదు. అది అందరూ చూశారు. భవానీప్రసాద్ కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

సంహితే మళ్ళీ అడిగింది. "మేడం, మరి ఆ చుక్క ఎవరూ నొక్కకుండానే ఎట్టా కనిపిస్తోంది?"

"వేలికీ గ్లాసుకీ మధ్య పల్చటి గాలిపొర ఉంటుంది, వెలుగు దాన్ని దాటాలి. చుక్కకి దాటాల్సిందేం లేదు. అది గ్లాసుకి అతుక్కుపోయింది. ఎవరో కావాలని అతికించారు."

"ఎవరు మేడం?"

"అది సిలబస్‌లో లేదమ్మా" అంది జయమణి. బెల్లు కొట్టారు.

స్టాఫ్‌రూంలోకి ఆమె వెనకే శేషాద్రి వచ్చాడు. తలుపు దగ్గరికి వేశాడు. ముఖం మాడిపోయి ఉంది.

"నలుగురిలో నా పరువు తీశావ్ అమ్మాయ్."

"నేనేం తీశాను సార్? వేలు పెట్టమన్నా. రుమాలు నేను తీయమన్లేదు."

"ఆ గుర్తు ఎప్పటిదో. నాకు పట్టింపు ఉందా? ఇంట్లో మా అమ్మకి మడి, ఆచారం. చిన్నప్పటినుంచీ అలవాటైపోయింది, అంతే. నీకు పుస్తకాలిచ్చింది నేను కాదా? ఈ పోస్టుకి నీ పేరు చెప్పింది నేను కాదా?"

"ఇచ్చారు. బల్ల మీద పెట్టి ఇచ్చారు."

ఆయన తలుపు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "చూడమ్మాయ్, వాళ్ళిద్దరూ క్లాసులోనే సంతకాలు పెట్టేశారు. నేనింకా పెట్టలేదు. గ్లాసు సంగతి ఇక్కడితో వదిలెయ్. నువ్వు మర్చిపో, నేనూ మర్చిపోతా."

జయమణి చేతులు మళ్ళీ మంచుగడ్డలయ్యాయి. "నేను మర్చిపోను సార్. చచ్చినా మర్చిపోను. సంతకం పెడితే పెట్టండి, లేకపోతే మానండి. కాకపోతే మానినందుకు కారణం రాయాలంటగా? ఏం రాస్తారు? పాఠం బాలేదని రాస్తారా? ఎక్స్‌పర్టుగారే లేచొచ్చి చూశారే! లేక చుక్క అని రాస్తారా?"

శేషాద్రి తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు.

జయమణి ఏడుస్తుందేమోనని బ్రహ్మయ్య బయటినుంచి తొంగిచూశాడు. ఆమె ఏడవలేదు. గబగబా ల్యాబ్‌లోకి పోయి ఆకుపచ్చ ఎనామిల్ డబ్బా తెచ్చింది. బీరువాలో గ్లాసులన్నీ తీసి కిటికీ గట్టు మీద పేపరు పరిచి బోర్లించింది. అగ్గిపుల్ల రంగులో ముంచి, ఒక్కొక్క గ్లాసు అడుగు అంచున, తన గ్లాసు మీద ఎక్కడుందో సరిగ్గా అక్కడ, మినపగింజంత చుక్క పెట్టుకుంటూ పోయింది. చివరికి తన గ్లాసునీ వాటి మధ్యలో బోర్లించి కలిపేసింది.

బ్రహ్మయ్య లబోదిబోమన్నాడు. "ఇదేం పనమ్మా! మీదేదో ఇంక ఎట్టా తెలుస్తదీ?"

"తెలవదు. నాకూ తెలవదు. పెద్దసారు అడిగితే అదే చెప్పు."

ఎండ ఏటవాలుగా గట్టు మీద పడుతోంది. మధ్యాహ్నానికల్లా రంగు ఆరిపోయింది.

మూడున్నరకి బ్రహ్మయ్య ఫ్లాస్కుతో టీ తెచ్చాడు. భోజనాలు చేసి సెక్రటరీ, ఎక్స్‌పర్టు స్టాఫ్‌రూంలోనే కూర్చున్నారు. కాగితం బల్ల మీద ఉంది. శేషాద్రి అప్పటిదాకా ఏదో చదువుతున్నట్టు నటించి, ఇక తప్పక పెన్ను తీసి మూడో సంతకం పెట్టాడు. పెట్టకపోతే కారణం రాయాలి మరి. "కంగ్రాట్స్ అమ్మా" అన్నాడు భవానీప్రసాద్.

బ్రహ్మయ్య ట్రేలో గ్లాసులన్నీ పేర్చి టీ పోశాడు. సెక్రటరీ ఒకటి తీసుకున్నాడు, ఎక్స్‌పర్టు ఒకటి తీసుకున్నాడు. శేషాద్రి ముందు ట్రే ఆగింది. పొద్దుటినుంచీ గొంతు ఎండిపోయి ఉన్న మనిషి, ఆత్రంగా ఒక గ్లాసు ఎత్తాడు. అడుగున ఆకుపచ్చ చుక్క. దించేశాడు. ఇంకోటి ఎత్తాడు. దానికీ ఉంది. మూడోది ఎత్తకుండానే వంగి చూశాడు. బ్రహ్మయ్య వైపు తిరిగి కళ్ళెర్రజేశాడు.

"అన్నీ ఒకటేనండీ, ఏదైనా తీసుకోండి" అన్నాడు బ్రహ్మయ్య, నేల చూపులు చూస్తూ.

"ఏమయ్యా, తాగవేం?" అన్నాడు జగన్నాథరావు.

"నాకొద్దులెండి. పైత్యం చేసింది" అన్నాడు శేషాద్రి.

జయమణి ట్రేలోంచి చేతికందిన గ్లాసు తీసుకుంది. అది తనదో, ఇన్నాళ్ళూ శేషాద్రి తాగినదో చూసుకోలేదు. ఉద్యోగం వచ్చింది, రేపటినుంచి ఇదే గదిలో, ఈయన ఎదురుగానే కూర్చోవాలి. సాయంత్రం ఇంటికెళ్ళి అమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పాలి. రెండు చేతులా గ్లాసు పట్టుకుని, ఆయన్నే చూస్తూ టీ మొత్తం తాగింది. టీ పొగలు కక్కుతోంది. ఆమె చేతులు మాత్రం ఇంకా చల్లగానే ఉన్నాయి.